పక్క సీటు బ్రేకు

నా కుడికాలు రబ్బరు చాప మీద ఉంది. ఉండనీ. దానికి జానెడు దూరంలో పెడల్ ఉంది, అదీ ఉండనీ. పక్కపక్కనే ఉండి కూడా ఆ రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా ఈ గంట గడిస్తే చాలు, ఇవాళ్టికి నాకింకేమీ అక్కర్లేదు. నర్సమ్మ సీటు సర్దుకుంది, అద్దం సర్దుకుంది, సర్దిన అద్దాన్నే మళ్లీ సర్దుకుంటోంది. వెనక సీట్లో పరీక్షాధికారి దగ్గారు. ఆయనకు జలుబు లేదు, ఏ రోగమూ లేదు, నోరు విప్పే ముందు దగ్గడం ఆయన అలవాటు. అందుకే డ్రైవింగ్ నేర్పేవాళ్లందరం ఆయన్ని చాటుగా దగ్గుగారు అంటాం. "పోనివ్వండి" అన్నారు దగ్గుగారు, నర్సమ్మ పోనిచ్చింది, బండి ఆఫీసు గేటు దాటి రోడ్డెక్కింది. డ్రైవింగ్ మాస్టారికి పక్క సీట్లో సొంత బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్చుకునేవాళ్లు ఏదైనా తేడా చేస్తే మేం నొక్కి బండి ఆపాలి, అదే దాని పని. పరీక్ష రోజు మాత్రం లెక్క వేరు. ఆ రోజు నేను ఆ పెడల్ ముట్టుకున్నానంటే, ఎందుకు ముట్టుకున్నావని ఎవరూ అడగరు, బండి నడుపుతున్న మనిషి తప్పినట్టే. ముట్టుకోలేదని బుకాయించడానికీ లేదు, దాని మీద కాస్త బరువు పడితే చాలు, డాష్‌బోర్డు కింద ఉన్న బజర్ తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది. పోయినసారి అరిచింది. ఇదే నర్సమ్మ, ఇదే బండి, వెనకాల ఇదే దగ్గుగారు, ఎదురుగా ఖాళీ రోడ్డు.

ఖాళీ అంటే ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. కుక్క లేదు, కాకి లేదు. నా కాలు వెళ్లి నొక్కేసింది. నర్సమ్మ తిట్టినా బాగుండేది, స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, ఆ చేతులు చూస్తే నాకే ఏడుపొచ్చింది. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే చేతులు అవి. బస్సుల్లో తిరిగితే సగం ఇళ్లకు వెళ్లేసరికే పొద్దుపోతుంది. ఆస్పత్రివాళ్లు కారు ఇస్తామన్నారు, లైసెన్సు తెచ్చుకోమన్నారు, ఈ నెలాఖరుకి తేకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చి ఆవిణ్ణి మళ్లీ వార్డులో వేస్తామన్నారు. "వార్డు నాకు చేదేం కాదు మాస్టారూ. కానీ ఒక తాత ఉన్నాడు, నేను తప్ప ఇంకెవరు కట్టు విప్పబోయినా బూతులు తిడతాడు. ఆయన తిట్లు అలవాటయ్యేసరికి కొత్తవాళ్లకి తల నెరుస్తుంది" అంది మొన్న. ఇంకో మాస్టారిని చూసుకోమని నేనే చెప్పాను. "మీరు నేర్పిందే నాకొచ్చు. మీ కాలి సంగతి మీరు చూసుకోండి, నా చేతుల సంగతి నేను చూసుకుంటాను" అంది. మా అక్క మొగుడు, డ్రైవింగ్ స్కూలు ఆయనదే, ఆయన ఇంకోలా చెప్పాడు. "ఈసారీ నొక్కావంటే నిన్ను బండెక్కించనురా, ఫోన్ల దగ్గర కూర్చోబెడతా. పొమ్మనలేనుగా, మీ అక్క నాకు అన్నం పెట్టదు." నవ్వుతూనే అన్నాడు, అయితే బావ నవ్వుతూ అన్నవేవీ ఇంతవరకు తప్పలేదు. ఇరవయ్యేళ్లుగా చేస్తున్న పని. ఫోన్ల దగ్గర కూర్చుంటే నేనేమిటో నాకే తెలియదు.

ఎడమకు తిప్పమన్నారు. నర్సమ్మ అద్దం చూసింది, భుజం మీదుగా చూసింది, తిప్పింది. బాగా తిప్పింది. ఇలాంటి మలుపులోనే కిందటేడు ఒక సైకిలాయన పడిపోయాడు. మా బండి తగలనైనా లేదు, కంకర మీద ఆయన చక్రమే జారింది, లేచి ప్యాంటు దులుపుకుని, ఏం కాలేదని చెయ్యూపి వెళ్లిపోయాడు. రోడ్డు మీంచి వెళ్లాడు గానీ నా తలలోంచి వెళ్లలేదు. ఆ సాయంత్రం నుంచి ఒకటే పాట, ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే, ఒక్క క్షణం. పాము కరిచినవాడు తాడును చూసినా జడుసుకుంటాడంటారు, నన్ను ఏ పామూ కరవలేదు, పక్కనుంచి పాక్కుంటూ పోయిందంతే, అయినా తాళ్లన్నీ పడగలెత్తాయి. సైకిళ్లకి నొక్కాను, ఆగి ఉన్న లారీలకి నొక్కాను, చెత్తడబ్బాలకి నొక్కాను. నేర్చుకునేవాళ్ల మెడలు పట్టేశాయి. తర్వాత గుండెదడ, తర్వాత నిద్ర పట్టకపోవడం, ఆ తర్వాత ఒకరోజు పొద్దున లేవబుద్ధి కాలేదు, మర్నాడూ కాలేదు. లేచి ఎవర్ని చంపాలి అనుకున్నాను. సరిగ్గా ఆ మాటలతోనే అనుకున్నాను. పరుపు మీద గోడవైపు తిరిగి పడుకుంటే, సున్నం పెచ్చు ఊడినచోట ఏనుగులాంటి ఆకారం ఒకటి కనిపించేది, వారాల తరబడి నా లోకమంతా ఆ ఏనుగే. మా ఆవిడ వచ్చి "లేవండి, స్నానం చెయ్యండి" అనేది, కొన్నాళ్లకి "పోనీ లేచి కూర్చోండి" అనేది, చివరికి ఏమీ అనకుండా దుప్పటి సర్ది వెళ్లేది. ఆ మాటలు మానేశాకే నాకు భయమేసింది.

ముందు లారీ, మధ్యలో చాలినంత దూరం. నర్సమ్మ దూరం ఉంచింది, నాకు తెలుసు, నేనే నేర్పాను. అయినా అరికాలు దురద పెడుతోంది, పిక్క బిగుసుకుంటోంది. వచ్చావా, రా, కూర్చో. ఇలా భయాన్నే మనిషిలా పలకరించడం ప్రశ్నలమ్మ దగ్గర అలవాటైంది. ప్రశ్నలమ్మ అని కౌన్సిలింగ్ చేసే ఆవిడకి నేను పెట్టిన పేరే, ఆవిడకి చెప్పాను కూడా, నవ్వింది. మందులు రాసే డాక్టరు వేరే ఉన్నారు, ఆయన మాత్రలు రాసి, మాత్రలు సగం పని చేస్తాయి మిగతా సగం మీరు చెయ్యాలి అని ఈవిడ దగ్గరికి పంపారు. చిన్న గది, రెండు కుర్చీలు, కిటికీలో ఎప్పుడూ ఎండ తగలని మొక్క ఒకటి. ధైర్యంగా ఉండండి, మంచి మంచి ఆలోచనలు పెట్టుకోండి అని చెబుతుందనుకున్నాను, నా చుట్టాలంతా అదే చెప్పారు. ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. "కాలు కదిలే ముందు తలలోకి వచ్చిన మాట ఏంటి? ఆ మాటే చెప్పండి" అంది. నొక్కకపోతే మనిషి పోతాడు అన్నాను. "ఎంత నమ్మకం, నూటికి?" నూటికి నూరు. "దానికి సాక్ష్యం?" నాకు అనిపించింది. "అనిపించడం సాక్ష్యమా?" ఒళ్లు మండింది. నా గుండె కొట్టుకుంటుంటే ఈవిడేంటి, కోర్టు పెట్టింది అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత, నాకైతే కొడుకు పుట్టడం, పెరగడం, నా బండి కింద పడటం కూడా అయిపోయేవి, ఒక్క చెత్తడబ్బా దాటేలోగా. ఇంటికొచ్చాక ఆ ప్రశ్న వదల్లేదు. ఏడాదిలో అన్నిసార్లు మనిషి పోతాడనిపించింది. ఒక్కరూ పోలేదు. నేను నొక్కబట్టే పోలేదు అన్నాను తర్వాతి వారం, గెలిచినట్టు. "అయితే నొక్కకుండా ఒకసారి చూడాలిగా, లేకపోతే ఎలా తెలుస్తుంది?" అంది. అలా దొరికిపోయాను.

దగ్గుగారు దగ్గి, కుడివైపు అన్నారు. కుడివైపు కూరగాయల దుకాణాలు, ఎవరో నీళ్లు చల్లి తుడుస్తున్న గాజు తలుపులు. తుడవడమంటే గుర్తొచ్చింది, నా వైద్యం తుడవడంతోనే మొదలైంది. లేవబుద్ధి అయ్యాక లేస్తానన్నాను. "బుద్ధి అయ్యేదాకా ఆగితే ఇద్దరం ముసలివాళ్లం అవుతాం. ముందు మీరు లేవండి, బుద్ధి వెనకాల నడుచుకుంటూ వస్తుంది" అంది ప్రశ్నలమ్మ. రోజూ పొద్దున బండి అద్దాలు తుడవాలి. నడపక్కర్లేదు, తాళం కూడా తియ్యక్కర్లేదు, తుడిచి లోపలికి వచ్చి కావాలంటే మళ్లీ పడుకోవచ్చు. ఇదేం వైద్యం, మా పక్కింటాయన కూడా చెప్పగలడు అనుకుంటూ తుడిచాను. వచ్చి పడుకున్నాను. మర్నాడూ తుడిచాను, పడుకున్నాను. ఒక పొద్దున తుడిచిన అద్దంలో గడ్డం కనిపించి, వెళ్లి గీసుకున్నాను. ఎవరూ గీసుకోమనలేదు. ఆ రోజు మా ఆవిడ నా మొహం చూసి పొయ్యి మీద పాలు పొంగబెట్టేసింది, దానికీ నన్నే తిట్టింది. ఆ తిట్టు ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

పెద్ద సర్కిల్. అన్ని వైపుల నుంచీ బళ్లు, ఎవరికి వారే ముందు మేమంటే మేమని. నర్సమ్మ ఆగింది, చూసింది, ఇంకా ఆగింది, వెనకవాడు హారన్ కొట్టినా కదల్లేదు. శభాష్. ఇప్పుడు కదిలింది. కాలు లేవబోయింది, మడమ చాప మీంచి లేచిందేమో కూడా, మళ్లీ దిగింది. మా అమ్మ కాలు ఇది. మా నాన్న బండి నడుపుతుంటే అమ్మ పక్కన కూర్చుని, మలుపు వస్తే చాలు, లేని బ్రేకుని నొక్కేది. చెప్పుతో నేలని అదిమేది. "నీ కాలికి చెప్పవే, బండి నాదని" అనేవాడు నాన్న. "మీకు చెప్పేవాళ్లు లేకే నా కాలు చెబుతోంది" అనేది అమ్మ. వెనకాల కూర్చుని మేం, అక్కా నేనూ, పగలబడి నవ్వేవాళ్లం. అమ్మ నొక్కితే ఎవరికీ ఏమీ కాలేదు, అక్కడ నేల తప్ప ఏమీ లేదు కాబట్టి. నాకు మాత్రం నిజం బ్రేకు ఇచ్చి జీతం కూడా ఇస్తున్నారు. ఈ సంగతి చెబితే ప్రశ్నలమ్మ చాలాసేపు నవ్వింది, తర్వాత ఏదో రాసుకుంది. అప్పుడే నేను గొప్ప ఉపాయం చెప్పాను, పరీక్ష రోజు సీట్లో మఠం వేసుకుని కూర్చుంటాను, కాళ్లు అందకపోతే గొడవే లేదు. "అందకపోతే మీరు గెలిచేదేముంది? కట్టేసిన కాలు నొక్కలేదంటే అది కట్టు గొప్ప" అంది. కాలు విడిగా ఉండాలి, పెడల్ పక్కనే ఉండాలి, నిజంగా ప్రమాదముంటే నొక్కాలి కూడా, అందుకే ఆ బ్రేకు ఉంది. అవసరముందో లేదో కళ్లు చెప్పాలి, గుండె కాదు. అలా కూర్చోవడం ముందు ఖాళీ మైదానంలో సాధన చేశాను, మా ఆవిడ నడుపుతుంటే. మా ఆవిడ నడపడమంటే మామూలు విషయం కాదు, తొంభై గియర్లున్నట్టు మారుస్తుంది. భయం మెడదాకా వచ్చింది, అక్కడే ఉంది, ఉండీ ఉండీ విసుగొచ్చినట్టు దానంతటదే దిగింది. నేను దింపలేదు. దిగుతుందని నాకు అంతవరకు తెలియనే తెలియదు, ప్రతిసారీ అది దిగేలోపే నేను నొక్కేసేవాణ్ణి.

జేబులో ఫోను ఉంది, మా ఆవిడకి చేయాలనుంది, చెయ్యను. ఒకప్పుడు ప్రతి క్లాసు అయ్యాక చేసేవాణ్ణి, ఏమీ కాలేదుగా, ఎవరికీ తగల్లేదుగా అని. బండిలో లేని మనిషిని అడగడం! పాపం తను కూడా "ఏం కాలేదండీ, ఏం కాలేదు" అని వంటింట్లోంచి పూచీ ఇచ్చేది. అది కూడా ఒక బ్రేకే అని ప్రశ్నలమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. అప్పట్నుంచి మా ఆవిడకి ఎక్కడలేని అధికారం వచ్చింది. అడిగితే "చెప్పను" అంటుంది. బతిమాలితే "అస్సలు చెప్పను. భోజనానికి రండి" అని పెట్టేస్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాట వినకుండా ఉండటానికి డాక్టర్ల అనుమతి దొరికింది తనకి. ఆమె చెప్పనప్పుడు మొదట్లో చెమటలు పట్టేవి. ఇప్పుడు చెప్పను అనే మాట వింటేనే భోజనానికి వేళైందని ఆకలి వేస్తోంది. నయమైపోయిందని డప్పు కొట్టను. కొన్ని పొద్దుటి పూటలు ఆ ఏనుగు ఇంకా పిలుస్తుంది, నేను లేచి అద్దాలు తుడుస్తాను. అంతే తేడా. అంతే అయినా, నాకు అది చాలా పెద్ద తేడా.

సన్న వీధి. రెండు పక్కలా ఆగి ఉన్న బళ్లు, ఎడమవైపు సామాన్ల వ్యాను, దాని వెనక తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నర్సమ్మ వేగం తగ్గించింది, మంచిది. ఇంకొక్క వీధి, తర్వాత వెనక్కి పెట్టి పార్కింగు, అంతటితో అయిపోతుంది, ఫోన్ల దగ్గర కూర్చోనక్కర్లేదు, ఆ తాత ఇష్టమొచ్చినట్టు తిట్టుకోవచ్చు, అనుకుంటూ ఉండగానే వ్యాను చాటు నుంచి ఒక పరుపు నడుచుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. నిలువెత్తు పరుపు, కింద రెండు కాళ్లు, మోసేవాడి తల కనపడదు, వాడికి మేం కనపడం. వారాల తరబడి నన్ను లేవనివ్వని పరుపు ఇవాళ కాళ్లు మొలిపించుకుని ఎదురొస్తోంది. బండి కిర్రుమని ఆగింది. నేను ముందుకు ఊగాను, బెల్టు భుజం కోసింది, చెవుల్లో బజర్ మోగింది. అయిపోయింది. నొక్కేశాను. మళ్లీ నొక్కేశాను. పరుపు ఏమీ ఎరగనట్టు రోడ్డు దాటి ఎదుటి గేట్లోకి దూరిపోయింది. నర్సమ్మ నా వైపు తిరిగింది. "మళ్లీ నొక్కారా మాస్టారూ" అంది, మెల్లగా, కళ్లనిండా నీళ్లతో.

నొక్కాను అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఏడాదిగా ఎవరు ఏది అడిగినా నా నోటికి వచ్చే మాట అదే, నేనే, నా వల్లే. సైకిలాయన్ని కంకర పడేసినా నేనే. ఎంత నమ్మకం, నూటికి? నూరు. సాక్ష్యం? బండి ఆగింది, నాకు అనిపించింది, బజర్ మోగింది. మోగిందా? చెవుల్లో గుయ్యిమంటోంది నిజమే, కానీ అది నా రక్తం హోరు, డాష్‌బోర్డు కింద నిశ్శబ్దంగా ఉంది. కాలు చూసుకున్నాను. అసలు మొదటిసారి కిందికి చూసుకున్నాను. నా కుడికాలు రబ్బరు చాప మీద, మడమ, వేళ్లు, అంతా ఆనించి, నిద్రపోతున్న కుక్కలా పడి ఉంది. పెడల్ జానెడు దూరంలో ఉంది. అయితే బండిని ఎవరు ఆపారు? నర్సమ్మ కాళ్లవైపు చూశాను. ఆవిడ నర్సు బూటు బ్రేకు మీద బలంగా, చక్కగా, నేను నేర్పినట్టే ఉంది, ఆ సంగతి ఆవిడకే తెలియదు. నాకంటే ముందు చూసింది, నాకంటే ముందు ఆపింది, ఆపినదాన్ని తెచ్చి నా కాలికి అంటగట్టింది. నేనూ అంతే, అక్కర్లేని నిందని చేతులు చాచి తీసుకోబోయాను.

"నేను నొక్కలేదు" అన్నాను. నా గొంతేనా అనిపించింది, అంత స్థిమితంగా ఉంది. "ఆపింది మీరు. మీ కాలు చూసుకోండి."

ఆవిడ చూసుకుంది. వెనకాల దగ్గు వినపడింది, ఒకటి కాదు, రెండు. ఇద్దరం బిగుసుకుపోయాం.

"పరీక్షలో మాటలొద్దు" అన్నారు దగ్గుగారు. "బజర్ మోగలేదు. బ్రేకు అభ్యర్థి వేశారు. సకాలంలోనే వేశారు. పోనివ్వండి."

నర్సమ్మ ముంజేత్తో ముక్కు తుడుచుకుని పోనిచ్చింది. మిగతా వీధి ఎలా గడిచిందో నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఏడాదిలో మొదటిసారి రోడ్డుని రోడ్డులా చూశాను. బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, ఒక పెద్దాయన కుర్చీ ఎండలోకి లాక్కోవడం, మెట్ల మీద ఎవరో మరచిపోయిన గొడుగు. భయం ఉంది, లేదనను, ఉండనీ అనుకున్నాను. పార్కింగులో నర్సమ్మ బండిని ఒకసారి వంకరగా పెట్టింది, ముందుకు తీసి మళ్లీ సరిగ్గా పెట్టింది. దగ్గుగారు కాగితం మీద పాస్ అని రాసి, సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చి, దిగుతూ, నా కిటికీ దగ్గర ఆగారు. దగ్గకుండా మాట్లాడారు. "మాస్టారూ, ఇవాళ చాలా హాయిగా కూర్చున్నారు." లోపల ఎంత గందరగోళంగా ఉందో ఆయనకేం తెలుసు. చెప్పాలనీ అనిపించలేదు.

ఆయన వెళ్లాక నర్సమ్మ కాగితాన్ని మడత పెట్టింది, విప్పి మళ్లీ చదివింది. "ఇక మీకు పక్క సీటుతో పని లేదు మాస్టారూ, వెనకాల కూర్చోండి. మిమ్మల్ని స్కూలు దగ్గర దింపి, అక్కడినుంచి బస్సెక్కి ఆ తాత దగ్గరికి పోతాను. ఆలస్యమైందని ఒక విడత తిట్టి ఉంటాడు ఈపాటికి" అంది. నేను దిగి వెనక ఎక్కాను. ఇరవయ్యేళ్లలో నా బండి వెనక సీటు ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలియనే లేదు. కాళ్లు చాపుకున్నాను. ఫోను తీసి మా ఆవిడకి చేశాను. "అడక్కండి, చెప్పను" అంది ఎత్తుతూనే. "అడగడానికి కాదే, చెప్పడానికి" అన్నాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు, తర్వాత "భోజనానికి రండి" అని పెట్టేసింది.

పెద్ద సర్కిల్ వచ్చింది. బళ్లు అన్ని వైపుల నుంచీ. నా కుడికాలు, ఎవర్నీ అడక్కుండా, ముందు సీటు వెనకాల నేలని గట్టిగా అదిమింది.

నర్సమ్మ అద్దంలోంచి చూసింది. "అక్కడేం చేస్తున్నారు మాస్టారూ?"

"బ్రేకు వేస్తున్నాను."

"పడిందా?"

"లేదు. ఇక్కడ బ్రేకెక్కడుంది, నేలే ఉంది."

"మరి బండి ఆగిందే?"

"ఆపింది మీరేగా" అన్నాను. కాలిని అక్కడే వదిలేసి, సీటుకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను.